ఊటీలో మూడు ఆదివారాలు

1962 మే 28, సోమవారం. ఊటీ.

వాన. నిన్న సాయంత్రం కొండ రైలు దిగినప్పటి నుంచీ వానే. మిషను బంగళా వెనక మున్షీలకు ఇచ్చే గదిలో దిగాను. కిటికీ రెక్క ఒకటి మూతపడదు. రెండు మంచాలు. రెండోది నెల్లూరు అబ్రహాము గారిది. అరవై ఏళ్ళ మనిషి. దొరలకు తెలుగు చెప్పీ చెప్పీ ఇంటి మనుషులతో కూడా పుస్తకంలో పాఠం మాదిరి మాట్లాడతాడు.

రావలసిన మున్షీకి జబ్బు చేస్తే మిషను వాళ్ళు నన్ను అడిగారు. కొత్తగా వచ్చిన చిన్న దొరసానికి జూన్ ఆఖరు దాకా రోజూ ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు తెలుగు చెప్పాలి. అడిగిన రోజే సరేనన్నాను. నాలుగేళ్ళుగా కొండ పని వద్దంటూ వచ్చినవాణ్ణి, ఈసారి ఎందుకు సరేనన్నానో తెలియదు. జీతం ఎక్కువేమీ కాదు.

వచ్చే మూడు ఆదివారాలు మా ఊరు కోటలో, మిషను గుడిలో నా పెండ్లి ప్రకటనలు చదువుతారు. జూన్ 3, 10, 17. నేను అక్కడ ఉండనక్కరలేదట. వరుడు ఎక్కడున్నా ప్రకటన ప్రకటనే అని మా గుడి పాస్టరు సమాధానం అయ్యగారు చెప్పారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. ఎవరూ లేవకపోతే సమ్మతి కిందే లెక్క. ఊరంతా మూడు వారాలు నోరు మూసుకుని కూర్చుంటే మనిషికి పెండ్లి అయిపోతుంది. ఇది నాకు నచ్చిన పద్ధతి.

వధువు ఎలిశబెతు. మా మిషను ఆసుపత్రిలో కాన్పులు చూసే నర్సు. ముప్పై మూడేళ్ళు. నాకు నలభై ఒకటి. ఏసుమణి అక్క కుదిర్చింది. అక్క ఇంట్లో కూర్చున్న గంటసేపట్లో ఎలిశబెతు నాతో అన్నది ఒకే మాట. "కొండకు పోయినాక నాకొక ఉత్తరం రాయండి." రాస్తానన్నాను.

మే 29

ఉత్తరం రాయాలి. ఇన్లాండు కాగితాలు కొనలేదు. రేపు.

మే 30, బుధవారం

మార్కెట్టు వెనక సందులో 'నెల్లూరు భోజనం' అని తెలుగులోనూ అరవంలోనూ బోర్డు కనిపించింది. గొడుగు ముడిచి లోపలికి పోయాను. నాలుగు బల్లలు, పొగ, చింతపండు పులుసు వాసన. యజమాని పద్మనాభయ్య. రాపూరు వైపు వరి భూమి ఉన్న రైతు కుటుంబం. అన్నదమ్ములతో పడక, పెండ్లాన్ని తీసుకుని కొండెక్కాడట. ఆమె పేరు పెంచలమ్మ. వంటంతా ఆమే.

ఏ వూరని అడిగాడు, కోట అన్నాను. ఎవరి తాలూకు అన్నాడు. మిషను మున్షీని, పేరు పరంజ్యోతి అన్నాను. ఆ పేరుతోనే సంగతి తెలిసిపోయింది. నీళ్ళ చెంబు పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత ఆయనే విస్తరి తెచ్చి వేశాడు. కోటలో ఇట్లాంటివారి ఇళ్ళ వసారా మెట్టు దాటి నేనెప్పుడూ లోపలికి పోలేదు. ఇక్కడ ఆయన పక్క బల్ల మీద కూర్చుని నేను తింటుంటే చూశాడు. ఈ విషయం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు. చేప కాలికట్టు నుంచి మంచులో పెట్టి లారీలో వస్తుందట. మన సముద్రపు చేప రుచి లేదు గాని పులుసు మాత్రం మన పులుసే. మొలగొలుకుల బియ్యం దొరకడం లేదని ఆయన నాకు క్షమాపణ చెప్పుకున్నాడు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

మే 31

సినిమాకు పోయాను. మధ్యాహ్నం ఆట. రేకుల కప్పు మీద వాన చప్పుడుకు మాటలు వినపడవు. తెర మీద ఎవరో ఏడుస్తున్నారు, ఎందుకో తెలియదు. కొత్త పద్ధతి, బాగానే ఉంది. నిద్రపోయాను.

ఇన్లాండు కాగితాలు కొన్నాను. ఆరు.

జూన్ 2, శనివారం

భోజనాలయ్యాక పెంచలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఊళ్ళో వాళ్ళమ్మకు ఒక ఉత్తరం రాసిపెట్టమంది. చదువు రాదు. ఇదివరకు ఎవరో అరవ గుమాస్తా రాసేవాడట. ఆయన రాసిన తెలుగు ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదట.

చలికి చేతులు పగిలాయని చెప్పింది. రాయబోతుంటే ఆపింది. "అది రాయబాకు అయ్యోరా. మాయమ్మ ఏడస్తాది. ఇక్కడ కాలీఫ్లవరు ఇంత లావు ఉంటాదని రాయి." చేతులతో చూపించింది. రాశాను. క్యారెట్టు గురించి, బీట్‌రూటు గురించి, వెన్న గురించి కూడా రాయించింది. కాగితం నిండిపోయింది. చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది.

నీ ఇంటికి రాసినావా అని అడిగింది. పెండ్లి సంగతి అబ్రహాము గారు చెప్పినట్టున్నాడు. రాశానన్నాను. ఇది అబద్ధం కాదు, రేపు రాస్తాను కనుక.

జూన్ 3, ఆదివారం

ఇక్కడి గుడిలో అరవ ఆరాధన. మాటలు సగం తెలుస్తాయి. రాగాలు అన్నీ తెలుస్తాయి.

పదిన్నరకు గడియారం చూసుకున్నాను. ఆ వేళకు కోటలో అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని రిజిస్టరు తీసి ఉంటారు. "కోట కాపురస్తుడును భార్య చనిపోయినవాడునైన పరంజ్యోతి." అట్లాగే చదవాలి, రిజిస్టరులో ఆ మాట ఉండాలి. "ఎలిశబెతు, కన్యక. వీరిరువురిని వివాహమందు జతపరచుటకు న్యాయమైన అభ్యంతరము ఎవరికైనను తెలిసియున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన." చదివి, కళ్ళద్దాల మీదుగా ఒకసారి చూస్తారు. ఎవరో దగ్గుతారు. నాకు తెలిసి కోట గుడిలో ఇంతవరకు ఎవరూ లేవలేదు.

మధ్యాహ్నం సాయిబు హోటల్లో బిర్యానీ. తర్వాత టీ, వర్కీ. వర్కీ అంటే పొరలు పొరలుగా విడిపోయే బిస్కట్టు. టీలో ముంచితే సగం గ్లాసు అడుగునే ఉండిపోతుంది. చెంచాతో తీసుకుని తిన్నాను.

జూన్ 4

వాన. ఉత్తరం రాయలేదు. చేతులు కొంకర్లు పోతున్నాయి.

జూన్ 5

అవే చేతులతో సాయంత్రం రెండు గంటలు కేరమ్స్ ఆడాను. వై.ఎం.సి.ఏ. హాల్లో మంచి బోర్డు ఉంది. తేమకు పౌడరు ముద్దకడుతుంది. కాయ సగం దూరం పోయి ఆగిపోతుంది. అబ్రహాము గారు బోర్డును కుంపటి దగ్గర ఆరబెట్టించి మరీ ఆడతాడు. ఆయనే గెలిచాడు.

జూన్ 7, గురువారం

అక్క దగ్గరి నుంచి ఉత్తరం. మిషను బడిలో ఐదో తరగతి చదివింది, మాట్లాడినట్టే రాస్తుంది.

"అబ్బయ్యా, మొదటి ప్రకటన చదివినారు. ఎవురూ లేవలా. ఎలిశబెతు నా పక్కనే కూర్చోనింది, తల ఎత్తలా. నీ ఉత్తరం వచ్చిందా అని నేను అడగలా, ఆమె చెప్పలా. ఇక్కడ ఎండలు మండిపోతా ఉండాయి. కృష్ణపట్నం నుంచి ఎండు రొయ్యలు వచ్చినాయి, నీకు కట్టి పెట్టినా. చలికి గొంతుకు గుడ్డ చుట్టుకో."

అక్కకు జవాబు వెంటనే రాశాను. గొంతుకు గుడ్డ చుట్టుకున్నాననీ, దొరసాని బాగా చదువుతున్నదనీ, ప్రకటన సంగతి తెలిసి సంతోషించాననీ. పది నిమిషాలు పట్టింది. పోస్టు చేశాను.

ఎలిశబెతుకు రాయడానికి ఏముంది? ఆమె నాకు సరిగ్గా తెలియదు. తెలియని మనిషికి నాలుగు ముక్కలు రాయడం సభ్యత కాదు. పెండ్లయ్యాక ఎటూ మాట్లాడుకుంటాం.

జూన్ 8

తోటలో గాజు ఇంట్లో గంటన్నర కూర్చున్నాను. లోపల వెచ్చగా ఉంది. కుండీలో ఉన్న మొక్కలకు ఇంగ్లీషులో పేర్లు రాసి గుచ్చారు. చదువుతూ పోయాను. ఒక్కటీ గుర్తులేదు.

జూన్ 9, శనివారం

పెంచలమ్మకు రెండో ఉత్తరం రాశాను. ఈసారి జున్ను గురించి.

నీ ఇంటామె ఏం రాసింది అయ్యోరా అని అడిగింది. బాగుందని రాసిందన్నాను. ఒకసారి అన్నాక ఇక వెనక్కు తీసుకోవడం కష్టం. ఏమి వండిందట అని అడిగింది. వంకాయ, ఎండు రొయ్యలు అన్నాను. ఆ జవాబు పెంచలమ్మకు చాలా నచ్చింది. ఎలిశబెతు వంట ఎట్లా ఉంటుందో నాకు తెలియదు.

జూన్ 10, ఆదివారం

రెండవ ప్రకటన ఈ వేళకు అయిపోయి ఉంటుంది.

పద్మనాభయ్య కోడిపులుసు పెట్టాడు. పెండ్లికొడుకు అని ఒక ముక్క ఎక్కువ వేశాడు.

జూన్ 12

ఉదయం పాఠంలో కుటుంబం. దొరసాని కలం చేతపట్టుకుని, "మున్షీగారూ, మీ భార్య క్షేమముగా నున్నదా?" అని అడిగింది. పుస్తకంలో ఉన్న ప్రశ్నే. పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాను, క్షేమముగా నున్నదని. ఆమె సంతోషించి రాసుకుంది. తర్వాత ఆమె, "నేనామెకు వందనములు చెప్పితినని ఉత్తరములో వ్రాయుడి" అంది. తప్పు లేని వాక్యం. బాగుందని మెచ్చుకున్నాను.

జూన్ 14, గురువారం

అక్క ఉత్తరం వచ్చింది. "రెండో ప్రకటన కూడా అయినాది. ఎవురూ లేవలా. ఎలిశబెతు డ్యూటీ అయినాక నేరుగా ఇంటికి పోకుండా పోస్టాఫీసు మీదుగా చుట్టూ తిరిగి పోతా ఉండాది. అందురూ చూస్తా ఉండారు. నువ్వు రాసినావా లేదా ఒక మాట చెప్పు తమ్ముడా. రాయకపోతే ఎందుకు రాయలేదో నాకు తెలుసు. ఆమెకు కూడా తెలుసు."

ఈ సాయంత్రం అబ్రహాము గారు పందెం ఓడిపోయి నన్ను ఉడిపి హోటలుకు తీసుకుపోయాడు. వచ్చి పద్దెనిమిది రోజులైనా అటు పోలేదు. దూరం అని అనుకుంటూ వచ్చాను. గది నుంచి అయిదు నిమిషాల నడక. అప్పటి బల్లలే, అప్పటి అద్దమే. ఆయన రెండు నెయ్యి దోసెలు చెప్పాడు. నేను కాఫీ మాత్రం తాగాను. ఆయన రెండూ తిని, నా మొహం చూసి, "నీవు ఆ సంగతిని ఇంకను మరువలేదు" అన్నాడు. 58లో కూడా మేమిద్దరం ఇదే గదిలో ఉన్నాం. తంతి వచ్చినప్పుడు తీసుకున్నది ఆయనే.

ఇక్కడ రాసేస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు.

నా భార్య జయశీలకు ఏడో నెలలో నేను కొండకు వచ్చాను. పిలకాయ ఆగస్టులో గదా, జూన్ ఆఖరుకు వచ్చేస్తా గదా అని. ఆమే పొమ్మంది. వారానికొక ఉత్తరం రాయమంది. ఊటీ చూడలేదు కనుక తిన్నదీ చూసిందీ అంతా రాయమంది. రాశాను. ఆమెకు నొప్పులు ముందుగా వచ్చాయి. రెండు రోజులు కష్టపడి తల్లీ బిడ్డా పోయారు. నాకు తంతి ఇచ్చారు. ఎండాకాలం, నేను రావడానికి రెండు రోజులు పడుతుంది, ఆగాలా వద్దా అని అక్కడ తర్జనభర్జన. మర్నాడు ఉదయం టపాలో నా కవరు వచ్చింది. తంతికి నేను ఇచ్చిన జవాబనుకున్నారు. కొండ నుంచి కవరు రావడానికి నాలుగు రోజులు పడుతుందని ఆ గాభరాలో ఎవరికీ తట్టలేదు. బండి కట్టి సిద్ధంగా ఉంది. ఆగమంటాడో కానిమ్మంటాడో అందరికీ తెలియాలని సమాధానం అయ్యగారు పెట్టె పక్కన నిలబడి ఆ ఉత్తరం బిగ్గరగా చదివారు.

"ఇక్కడ ఉడిపి హోటల్లో నెయ్యి దోసె వేస్తారు. మన ఇంటి చాటంత ఉంటుంది. అంచు కరకరలాడుతుంది. నువ్వుంటే చట్నీ చాలలేదని వాళ్ళతో పోట్లాడేదానివి. నీకని ఒకటి చెప్పి, చల్లారిపోతుందని నీ వంతు కూడా నేనే తిన్నాను."

అయ్యగారు అంతదాకా చదివి గాని ఆపలేకపోయారట. నీ వంతు కూడా నేనే తిన్నాను.

నేను పోయేసరికి మట్టి ఆరిపోయి ఉంది. సంఘ పెద్ద ముత్యాలయ్య వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఏం మాట్లాడాలో తోచక, అక్కడ దోసె బాగుంటుందంట గదా అబ్బయ్యా అన్నాడు. ఆయన మంచికే అన్నాడు.

జయశీల దగ్గర ఆ రెండు రోజులూ ఉన్న నర్సు ఎలిశబెతు. ఉత్తరం చదివినప్పుడు ఆమె కూడా ఆ ఇంట్లోనే ఉండాలి. నేనెప్పుడూ అడగలేదు.

జూన్ 15

కాగితం తీశాను. "ఎలిశబెతు గారికి పరంజ్యోతి వందనములు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను." అక్కడే కలం ఆగిపోయింది. ఈ కాగితం పోవడానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో అక్కడ ఏమవుతుందో ఎవరు చూశారు? ఆమె ఆరోగ్యంగానే ఉంది, నాకూ తెలుసు. చింపేశాను. ఇంకో కాగితం మీద అవే రెండు వాక్యాలు రాసి అదీ చింపాను.

ఇప్పుడు వేసినా మూడవ ప్రకటన అయ్యాకే చేరుతుంది. అటువంటప్పుడు తొందర ఏముంది?

జూన్ 16, శనివారం

పెంచలమ్మకు రాయలేదు. జ్వరంగా ఉందని చెప్పి పంపాను. జ్వరం లేదు.

జూన్ 17, ఆదివారం

పదకొండు గంటలు. అయిపోయి ఉంటుంది. ఇక అభ్యంతరం చెప్పే దారి ఎవరికీ లేదు. హాయిగా ఉంది.

బేకరీలో కేకు తిన్నాను. మొన్నటి వర్కీయే మేలు.

జూన్ 18

వాన.

జూన్ 19

కేరమ్స్. మూడు ఆటలూ గెలిచాను. అబ్రహాము గారు బోర్డు మీదికి వంగి, వచ్చే నెల పెండ్లి పెట్టుకున్నవాడు ఇంత శ్రద్ధగా ఆడరాదు అన్నాడు.

జూన్ 21, గురువారం

అక్క ఉత్తరం. ఇది ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"తమ్ముడా, మూడో ప్రకటన దినం గుళ్ళో చోటు లేదు. అయ్యగారు చదివినారు. అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు. ఎలిశబెతు లేచి నిలబడింది. నేను కొంగు పట్టుకుని లాగితే విడిపించుకునింది. నాకు ఉండాది అయ్యగారూ అనింది.

"గుడంతా కదిలింది. అయ్యగారికి కళ్ళద్దాలు జారిపోయినాయి. నీకు ఇష్టం లేదా అమ్మా, ఎవురన్నా బలవంతం చేసినారా అని అడిగినారు. ఇష్టం ఉండాది కాబట్టే లేచినా అనింది. తర్వాత ఈ మాటలు చెప్పింది, నేను మరచిపోకుండా ఇంటికి వచ్చి ఆ పూటే రాసుకున్నా. 'జయశీలక్క పోయిన మర్నాడు మీరు చదివిన ఉత్తరం నేను విన్నా. అందురూ తలలు వంచుకున్నారు. నేను మాత్రం, ఈమెకు ఇట్ట రాసే మనిషి ఉన్నాడు అనుకున్నా. నాలుగేళ్ళుగా అది నా మనసులో ఉండాది. ఏసుమణక్క వచ్చి అడిగితే అందుకే సరే అన్నా. నాకొక ఉత్తరం రాయమని అడిగినా. నెల కావస్తా ఉండాది, రాయలా. అందురూ మూగగా కూర్చుంటే పెండ్లి అయిపోతాదేమో, నాకు వద్దు. ఆయన భయపడి రాయకపోతే అదైనా రాయాల.'

"అయ్యగారు రిజిస్టరులో మూడో ప్రకటన నిలిపినట్టు రాసినారు. పెండ్లికూతురే అభ్యంతరం చెప్పడం ఆ పుస్తకంలో లేదంట, ఏ గడిలో రాయాలో తెలియక పక్కన అంచులో రాసినారు. జూలై ఒకటో తేదీ ఆదివారం మళ్ళా చదువుతారు, ఆ లోపల ఆమె వెనక్కు తీసుకుంటే. లేదంటే లేదు. ముత్యాలయ్య బయటికి వచ్చి, తప్పు నాది, ఆ పిలకాయిని దోసె గురించి అడిగింది నేనే అని ఏడ్చినాడు. నీ ఇష్టం ఇంక. అక్క."

మొదట కోపం వచ్చింది. నన్ను రెండోసారి కూడా ఊరందరి ముందు నిలబెట్టారని. గొడుగు లేకుండా చెరువు దాకా పోయి వచ్చాను. దారిలో కోపం ఎక్కడో పోయింది. నాలుగేళ్ళుగా ఏ మాటల వల్ల నేను తలెత్తి తిరగలేకపోయానో ఆ మాటలనే ఇంకొకరు దాచుకుని ఉన్నారు. ఇది నాకు తట్టనే లేదు. నేను ఒక్క ఉత్తరం వల్ల ఊరందరి ముందు నాశనమైపోయాననుకున్నాను. జయశీలకు ఆ ఉత్తరం అందలేదనుకున్నాను. ఆమెకు అందలేదు, నిజమే. ఇంకెవరికీ అందలేదనుకోవడం మాత్రం తప్పు.

గదికి వచ్చి ఏడ్చాను. అబ్రహాము గారు చూసి, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

జూన్ 22, శుక్రవారం

దొరసానికి పాఠం చెప్పలేదు. ఉత్తరం రాయాలని నిజమే చెప్పాను. ఎవరికి అని అడిగింది. భార్య కాబోయే ఆమెకు అన్నాను. ముందు చెప్పిన భార్య సంగతి కూడా చెప్పాను. ఆమె పుస్తకం మూసి, ఇంగ్లీషులో ఏదో మెల్లగా అంది. తెలుగులో చెప్పమని నేను అడగలేదు.

తొమ్మిదికి కూర్చుంటే పన్నెండు దాటింది. ఇన్లాండు చాలలేదు. కవరు తెచ్చి నాలుగు కాగితాలు పెట్టాను. పద్మనాభయ్య నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డ క్షణం గురించి, కాలీఫ్లవరు గురించి, గ్లాసు అడుగున మిగిలిన వర్కీ గురించి, వాన మోతలో మాటలు వినపడని సినిమా గురించి. పెంచలమ్మకు నేను చెప్పిన అబద్ధాలన్నీ రాశాను, ఎలిశబెతు వండినట్టు చెప్పిన వంకాయ కూరతో సహా. ఎందుకు రాయలేదో అదీ రాశాను. ఉత్తరం చేరేలోగా మనిషి ఉండదేమోనన్న భయం తప్ప వేరే కారణం లేదని.

చివర ఇట్లా రాశాను. "ఇది అందగానే, చదవక ముందే, అందిందని ఒక కార్డు వేయి. తర్వాత తీరిగ్గా చదువుకో."

నువ్వు అని రాశాను. తుడిచివేయలేదు.

పోస్టాఫీసులో గుమాస్తా ముద్ర కొట్టేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను.

జూన్ 23

పెంచలమ్మకు నిజం చెప్పాను. ఆమె విస్తరి వేసింది. అన్నం పెట్టింది. తిన్నాను, రుచి తెలియలేదు.

జూన్ 24

ఇంకా మార్గమధ్యంలో ఉంటుంది.

జూన్ 26

ఈ రోజు చేరాలి.

జూన్ 27

చేరి ఉండాలి. కేరమ్స్ ఆడలేదు. ఎక్కడికీ పోలేదు.

జూన్ 28

వాన.

జూన్ 29

పెట్టె సర్దుకున్నాను. రేపు మధ్యాహ్నం రైలు.

జూన్ 30, శనివారం

పదకొండు గంటలకు కార్డు వచ్చింది. అబ్రహాము గారు తెచ్చి, నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టాడు. తేదీ ముద్ర చూశాను. కోట, జూన్ 26. పెన్సిలుతో రాసింది. అక్షరాలు కిందికి జారిపోయాయి, నిలబడే రాసినట్టుంది.

"మీ ఉత్తరం ఇప్పుడే అందినాది. ఇంకా విప్పలేదు. మీరు కవరు వెనక 'ముందు కార్డు' అని రాసినారు గదా, అందుకని పోస్టాఫీసులోనే నిలబడి ఇది రాస్తా ఉండా. నేను బాగుండా. ఇంక పోయి చదువుకుంటా. ఎలిశబెతు."